అదే జరం, అదే తిండి... ఆమెకొక తీరు, నాకొక తీరు

కౌడిపల్లి నుంచి ఒక చెల్లె అడిగిన ముచ్చట ఈసారి.

‘అక్కా, ఒకే వారంల నాకూ మా ఏరాలికీ జరం పట్టింది. నేను మూడు దినాలల్ల లేచి పనిల పడ్డ. ఆమెను దవాఖానల చేర్పించాల్సి వచ్చింది. ఇద్దరం ఒక్క గిన్నెల వండిన బువ్వనే తిన్నం, ఒక్క నల్లా నీళ్లే తాగినం. మా అత్తమ్మేమో, దాని ఒంట్ల సత్తువ లేదు, టైముకు తినదు, అందుకే దానికి గట్లయింది అంటది. ఆమె ఏడుస్తనే ఉన్నది. నిజంగ ఆమె తప్పేనా అక్కా?’

కాదు చెల్లె. ముందు ఆ మాట ఆమెకు చెప్పు, తర్వాత నేను రాసేది చదువుదువు.

జరం ఒకరికి ముదురుడు, ఇంకొకరికి తేలిపోవుడు వెనుక శాన సంగతులుంటయి. వయసు, షుగరు, కడుపుతోటి ఉండుడు, దవాఖానకు ఆలస్యంగ పోవుడు, అన్నీ లెక్కలకు వస్తయి. డెంగీ సంగతైతే మరీ చిత్రం. దాంట్ల నాలుగు రకాల వైరస్‌లున్నయి. ఒక రకం వచ్చి పోయినోళ్లకు ఇంకో రకం వస్తే, ఆ రెండోసారి ముదిరే ప్రమాదం ఎక్కువ. కానీ వీటన్నిటి కింద ఇంకొకటున్నది. మన ఇండ్లల్ల దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమ్మానాన్నల నుంచి పుట్టుకతోనే వచ్చిన రోగనిరోధక జన్యువులు. ఏ వైరస్‌ను ఏ ఒళ్లు ఎట్ల పట్టుకుంటదో కొంత ముచ్చట అక్కడ్నే ఉంటది. దీన్ని మనుషుల కంటే తేటగ చూపెట్టినయి కోతులు.

కోతులంటే నవ్వకుండ్రి. కోతుల బాధ మీకు నేను చెప్పేదేముంది? హైదరాబాద్ నుంచి మెదక్ బస్సెక్కితే నర్సాపూర్ అడవిల రోడ్డుకు రెండు దిక్కుల కూసోని ఉంటయి. కార్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు ఇసిరేటోళ్లు ఇసురుతనే ఉంటరు. ఆ అడవి దాటినంక వచ్చే మన కౌడిపల్లి దిక్కు ఊర్లల్ల ఏం జరుగుతదో ఆ కార్లోళ్లకు తెల్వదు. బంగ్ల మీద వడియాలు ఎండబోస్తే పక్కన కట్టె పట్టుకొని కూసోవాలె. మక్క చేను కంకి పట్టిందంటే పొద్దుగూకేదాక ఇంట్ల ఒకరు చేను కాడనే. సొరపాదు, జామచెట్టు పెట్టుకునుడే మానేసిన ఇండ్లున్నయి. కొండెంగను తెప్పించి కాపలా పెట్టే ఊర్లూ ఉన్నయి. 2015ల చెట్లు నాటే హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్న మాట ఊరూరా వినబడ్డది, మీకు యాదుండే ఉంటది.

మన తెలంగాణ రెండు తీర్ల కోతులు కలిసే జాగ. ఉత్తరం దిక్కు నుంచి ఎర్రమూతి కోతి, దాన్ని రీసస్ కోతి అంటరు. దక్షిణం దిక్కు నుంచి టోపీ కోతి, దాని నెత్తిన వెంట్రుకలు గుండ్రంగ పరుచుకొని ఉంటయి. ఎర్రమూతిది మెల్లమెల్లగ దక్షిణానికి జరుగుతున్నది, టోపీ కోతికి జాగ తగ్గుతున్నది. ఆ ఎర్రమూతి కోతి గురించే నేను చెప్పేది. మన ఇండ్ల మీద దుంకే ఈ జాతి ప్రపంచంల వైద్యశాస్త్రానికి చేసినంత సాయం ఇంకే కోతీ చేయలేదు.

1950లల్ల పోలియో టీకా తయారు చేసి పరీక్షించేందుకు మన దేశం నుంచి లక్షల కోతులను ఓడలల్ల, విమానాలల్ల బయటి దేశాలకు పంపిన్రు. దారిల చచ్చిపోయినయి ఎన్నో. 1978ల మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఎగుమతి బంద్ పెట్టింది. అమెరికాల వాటిని ఒప్పందానికి విరుద్ధంగ సైన్యం రేడియేషన్ పరీక్షలకు కూడ వాడుతున్నరని బయటపడ్డంక తీసుకున్న నిర్ణయమది. మంచి పని చేసిన్రని నేననుకుంట. అప్పటికే అక్కడికి చేరిన కోతుల సంతానం ఇప్పటికీ అమెరికా పరిశోధనా కేంద్రాలల్ల ఉన్నది. శాస్త్రవేత్తలు వాటిని ఇయ్యాల్టికీ భారతీయ సంతతి రీసస్ కోతులు అనే రాస్తరు. చైనా నుంచి వచ్చిన రీసస్ కోతులను వేరుగ లెక్కపెడ్తరు, ఎందుకంటే రెండిట్ల జబ్బు నడిచే తీరు వేరు.

ఏ జబ్బు అంటవా? మనుషులకు ఎయిడ్స్ తెచ్చేది హెచ్ఐవీ కదా. దాని చుట్టం లాంటి వైరస్ కోతులల్ల ఉన్నది, ఎస్ఐవీ. ఆఫ్రికాల కొన్ని జాతుల కోతులు దీన్ని తరతరాలుగ మోస్తున్నయి, వాటిల శానమట్టుకు జబ్బు పడవు. ఆసియా కోతులకు ఇది సహజంగ లేదు. బందీగ ఉంచిన చోట ఆఫ్రికా కోతుల నుంచి రీసస్‌కు అంటింది, 1985ల కనిపెట్టిన్రు. అంటితే మాత్రం మన రీసస్‌కు మనిషికి వచ్చినట్టే ఎయిడ్స్ వస్తది. నర్సాపూర్ రోడ్డు మీది కోతులకు ఇది లేదు చెల్లె, ఆ భయం పెట్టుకోకుండ్రి. కోతి కరిస్తే, గీరితే భయపడాల్సింది రేబిస్ గురించి. వెంటనే సబ్బు పెట్టి ధార కింద పావుగంట కడిగి, అదే రోజు దవాఖానకు పోయి టీకా వేయించుకోవాలె. పసుపు పెట్టుకొని ఇంట్ల కూసునేది కాదు.

ఇగ అసలు ముచ్చట. పరిశోధనల కోతులకు ఒకే తిండి, ఒకే గది, ఒకే వైరస్, ఒకే మోతాదు. ఎక్కించిన రోజు కూడ ఒకటే. మనుషులల్ల ఇట్ల ఎప్పుడూ దొరకదు. ఎవరికి ఎప్పుడు అంటిందో, ఎంత అంటిందో ఎవరికి తెలుసు? కోతులల్ల అన్నీ ఒక్కతీరే చేసినా ఫలితం ఒక్కతీరు రాలేదు. కొన్ని ఏడాది రెండేండ్లల్ల ఎయిడ్స్‌తోటి పోయినయి. కొన్నిట్ల మొదట వైరస్ పెరిగి, తర్వాత తనంతట తనే దిగిపోయి, పరీక్షకు దాదాపు అందనంత తక్కువల ఏండ్ల తరబడి ఉండిపోయింది. ఒక్క మందు గోళీ వేయకుండ.

తిండి కాదు, గది కాదు, మోతాదు కాదు. మరి తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? అమెరికాల విస్కాన్సిన్ యూనివర్సిటీల డేవిడ్ వాట్కిన్స్ బృందం ఈ కోతుల జన్యువులు చూసుకుంట పోయింది. మాము-బి17 అనే రకం జన్యువున్న కోతులల్ల అదుపు ఎక్కువ కనబడ్డదని 2006ల రాసిన్రు. ఆ మరుసటేడు ఇంకా గట్టి ముచ్చట దొరికింది. మాము-బి08 అనే రకమున్న కోతులల్ల దాదాపు సగం, ఎస్ఐవీల శాన మొండిదైన ఒక వైరస్‌ను కూడ సొంతంగ అణిచిపెట్టినయి. మొత్తం మందల ఈ రకమున్నయి కొన్నే.

ఈ జన్యువు ఏం పని చేస్తది? మన ఒంట్ల దాదాపు ప్రతి కణం, తన లోపల తయారైతున్న ప్రొటీన్ల చిన్న చిన్న ముక్కలు తీసి పైన పట్టుకొని చూపెడ్తది. ఐకేపీ సెంటర్ల వడ్ల కాడ కూసునే అక్కలకు ఇది చిటికెల అర్థమైతది. సంచి మూతి ఇప్పకుండనే ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు బయటికి గుంజుతరు, తాలున్నదా, తేమున్నదా అని చూసుడు ఆ గుప్పెట్లనే. కణం కూడ అట్లనే. లోపల వైరస్ ఉంటే దాని ముక్క కూడ బయటికొస్తది. కాపలా తిరిగే టీ-కణాలు ఆ పరాయి ముక్కను గుర్తుపట్టి, ఆ కణాన్ని వైరస్‌తోటి సహా చంపేస్తయి. ముక్కను పట్టుకొని పైకి తెచ్చే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులను మనుషులల్ల హెచ్ఎల్ఏ అంటరు, రీసస్ కోతులల్ల మాము అంటరు. ఈ ఏర్పాటును మొదట ఎలుకలల్ల చూపెట్టిన పీటర్ డోహెర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌కు 1996ల నోబెల్ ఇచ్చిన్రు.

ఇప్పుడు కిటుకు చూడు. అందరి ఒంట్ల గుంజే గొట్టం ఒక్క తీరుది కాదు. ఒకరిది వైరస్‌ల ఒక ముక్కను పట్టుకుంటది, ఇంకొకరిది ఇంకో ముక్కను. ఎస్ఐవీ, హెచ్ఐవీ రెండూ క్షణక్షణం రూపు మార్చుకునే వైరస్‌లు. మార్చుకున్నా నష్టం లేని ముక్కను చూపెట్టే ఒంట్ల, వైరస్ ఆ ముక్కను మార్చేసి టీ-కణాల కండ్లు కప్పుతది. మార్చుకుంటే తనకే బతుకు లేని ముక్కను చూపెట్టే ఒంట్ల చిక్కుకపోతది: మార్చకుంటే టీ-కణాలకు దొరుకుతది, మారిస్తే తనే బలహీనమైతది. మనుషులల్ల హెచ్ఎల్ఏ-బి57 రకం ఉన్నోళ్లకు దొరికే మేలు శానమట్టుకు ఇదే.

టీ-కణాలే ఈ పని చేస్తున్నయని రుజువేందని అడిగేటోళ్లకు 1999ల జవాబు దొరికింది. వైరస్‌ను అదుపుల పెట్టుకున్న కోతుల ఒంట్ల నుంచి సీడీ8 అనే రకం టీ-కణాలను మందు ఇచ్చి కొన్నాళ్లు తీసేసిన్రు. వైరస్ ఒక్కసారిగ ఎగబాకింది. ఆ కణాలు మళ్ల పుట్టుకొచ్చినంక వైరస్ మళ్ల దిగింది. నాకైతే ఈ మొత్తం కథల ఇదే అన్నిటికంటే ఎక్కువ నచ్చిన భాగం. సందేహానికి జాగ లేకుండ చేసింది.

మనుషుల ముచ్చటకు వద్దాం. హెచ్ఐవీ ఉన్నోళ్లల్ల నూటికి ఒక్కరికంటే తక్కువమంది మందు లేకుండనే వైరస్‌ను అణిచిపెట్టుకుంటరు. 2010ల సైన్స్ పత్రికల ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అట్ల అదుపు చేసుకున్నోళ్లు 974 మంది, చేసుకోలేనోళ్లు 2,648 మంది, వీళ్ల జన్యువులన్నీ పోల్చి చూసిన్రు. మనిషి జన్యువులన్నిట్ల వెతికితే, గట్టిగ తేలింది మళ్ల హెచ్ఎల్ఏ జాగనే. ముక్కను పట్టుకునే ఆ గాడిల కొన్ని చోట్ల ఏ అమైనో ఆమ్లం ఉన్నదన్న దాని మీద తేడా వస్తున్నది. బి57, బి27 ఉన్నోళ్లకు మేలు, బి35ల కొన్ని రకాలున్నోళ్లకు జబ్బు తొందరగ ముదురుడు.

ఇంకో అబ్బురమైన సంగతి. కోతి మాము-బి08, మనిషి హెచ్ఎల్ఏ-బి27 దాదాపు ఒక్క తీరు ముక్కలనే పట్టుకుంటయని తర్వాత తేలింది. రీసస్ కోతి దారి, మన దారి వేరుపడి రెండున్నర కోట్ల ఏండ్లయితున్నది. ఇద్దరి ఒంట్లల్ల ఒక్క తీరు వైరస్‌కు ఒక్క తీరు ఉపాయం.

ఈ జన్యువులు తెల్వకుంటే టీకా పరిశోధన కూడ తప్పుదారి పడ్తది. అమెరికాల అట్లాంటా ఎమోరీ యూనివర్సిటీల రామారావు అమర ఎయిడ్స్ టీకా కోసం ఏండ్ల నుంచి రీసస్ కోతులతోటి పనిచేస్తున్నరు. ఆయన, హ్యారియెట్ రాబిన్సన్ కలిసి 2001ల సైన్స్ పత్రికల ప్రకటించిన ప్రయోగంల, టీకా వేసిన కోతులు నెలల తర్వాత ఎక్కించిన వైరస్‌ను అదుపుల పెట్టుకున్నయి. అసొంటి ప్రయోగం చేసేటప్పుడు ఏ కోతికి ఏ మాము రకం ఉన్నదో ముందే చూసి గుంపులల్ల సరిగ పంచాలె. మంచి జన్యువున్న కోతులన్నీ టీకా గుంపులనే పడ్డయనుకో, జన్యువు చేసిన మేలును టీకా ఖాతల రాసుకున్నట్టయితది.

కరోనాకు కూడ ఇట్లనే ఒక ముచ్చట తేలింది. వైరస్ సోకినా ఏ లక్షణమూ లేకుండ తిరిగినోళ్లల్ల హెచ్ఎల్ఏ-బి15:01 అనే రకం ఎక్కువ కనబడ్డదని 2023ల నేచర్ పత్రికల వచ్చింది. వాళ్లల్ల అంతకుముందు మామూలు పడిశం తెచ్చే కరోనా వైరస్‌లను చూసిన టీ-కణాలే ఈ కొత్తదాన్ని కూడ గుర్తుపట్టినయి. మన వాడలల్ల అదే ఇంట్ల ఒకరు ఆక్సిజన్ మీద, ఒకరు ఏమీ ఎరుగనట్టు తిరిగిన రోజులు ఎవరు మర్చిపోయిన్రు? అప్పుడు కూడ ఎన్ని మాటలన్నరు, కషాయం తాగలేదనీ, బయట తిరిగిందనీ.

అయితే చెల్లె, మంచి జన్యువు చెడ్డ జన్యువు అని గీత గీయకు. హెచ్ఐవీ కాడ మేలు చేసే బి27 రకమే, వెన్నుపూస బిగుసుకపోయే ఒక రకం కీళ్లవాతానికి దారి తీయొచ్చు. బి57ల ఒక ఉపరకమున్నోళ్లకు అబకావిర్ అనే హెచ్ఐవీ మందే పడదు, ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావచ్చు. అందుకే ఆ మందు రాసే ముందు ఆ జన్యువు పరీక్ష చేయాలంటరు. ఒక కాలంల, ఒక వైరస్‌కు పనికొచ్చిన రకం ఇంకో చోట చిక్కు తెస్తది. అందుకే ప్రకృతి ఒక్క రకాన్నే ఉంచలేదు, వేల రకాలు ఉంచింది.

ఇక్కడ మన మేనరికాల సంగతి రాకుండ ఉండదు. హిందూ మహాసముద్రంల మారిషస్ దీవి ఉన్నది కదా, అక్కడికి వందల ఏండ్ల కింద ఓడలోళ్లు కొన్నే కోతులను తీసుకపోయి వదిలిన్రు. ఇప్పుడు దీవంత నిండిన కోతులకు మూలం ఆ పిడికెడే. వాటిల రోగనిరోధక జన్యువుల మూటలు ముఖ్యంగ ఏడే ఏడు. వాటికి ఎస్ఐవీ ఎక్కించి 2010ల చూసిన్రు. తల్లి నుంచొక రకం మూట, తండ్రి నుంచొక రకం మూట వచ్చిన కోతులల్ల వైరస్ తక్కువ. రెండు దిక్కుల నుంచీ ఒక్కటే రకం వచ్చినవాటిల ఎన్నో రెట్లు ఎక్కువ. మనుషులల్ల కూడ 1999లనే మేరీ క్యారింగ్టన్ బృందం ఇదే చూపెట్టింది. హెచ్ఎల్ఏ రెండు ప్రతులూ ఒక్క తీరే ఉన్నోళ్లకు ఎయిడ్స్ తొందరగ వచ్చింది. రెండు రకాలుంటే వైరస్‌ల ఎక్కువ ముక్కలు బయటపడ్తయి, అది తప్పించుకునే దారులు తగ్గుతయి.

మేనత్త మేనమామ పిల్లల మధ్య పెండ్లయితే, వాళ్ల బిడ్డకు ఏదైన ఒక జన్యువు జాగల రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామకే ఇస్తే ఎనిమిదింట ఒకటి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్ తదితరులు, అమెరికాల డేవిడ్ రైక్ బృందంతోటి కలిసి 2017ల ఒక అధ్యయనం అచ్చేసిన్రు. దక్షిణాసియాల 260కి పైగ కులాలు, తెగల జన్యువులు చూస్తే 81 గుంపులు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, తమల తామే పెండ్లిళ్లు చేసుకుంట వచ్చినయని తేలింది. వాటిల పద్నాలుగింట్ల జనాభా పది లక్షలు దాటింది. అంటే పెద్ద కులమైనంత మాత్రాన రక్తాలు దూరమైనట్టు కాదు. ఇప్పటికే మేనరికం చేసుకున్న చెల్లెండ్లకు నేను భయం పెడ్తలేను, మీ పిల్లలల్ల శానమంది గట్టిగనే ఉంటరు. రేపటి సంబంధాలు చూసేటప్పుడు ‘ఆస్తి బయటికి పోవద్దు’ అన్న మాట పక్కన ఈ లెక్క కూడ పెట్టుమంటున్న.

ఇగ నా గుండెల ఉన్న మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల హెచ్ఐవీ ఎక్కువున్న రోజులల్ల ఎన్ని ఇండ్లల్ల ఏమయిందో మనకు తెలుసు. భర్త తెచ్చిండు, భర్త ముందు పోయిండు, భార్య బతికింది. బతికినందుకు ఆమెనే అన్నరు. అదే మొగాన్ని మింగిందన్నరు, దీనికి ముందే ఉండొచ్చన్నరు, లేకుంటే ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్తదన్నరు. ఇంకో ఇంట్ల భార్య ముందు పోతే ఆమెది నీతి లేని ఒళ్లన్నరు. నిలబడ్డా తప్పే, పడ్డా తప్పే. ఒకే వైరస్ ఇద్దరి ఒంట్లల్ల రెండు తీర్ల నడుస్తదని, దానికి కారణం నడతల కాదు, హెచ్ఎల్ఏ జన్యువులుండే ఆరో క్రోమోజోమ్ మీద ఉన్నదని ఆ రోజు ఒక్కరన్న చెప్పి ఉంటే, ఎంతమంది ఆడోళ్లు పుట్టింటి గుమ్మం ముంగట నిలబడి ఏడ్వకపోదురు! నాకు ఈ జన్యువుల చదువు మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇందుకే.

జన్యువు మంచిదైతే మందెందుకు అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. సొంతంగ అదుపు చేసుకునే ఆ కొద్దిమందికి కూడ ఒంట్ల వాపు లోలోపల నడుస్తనే ఉంటది. హెచ్ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ దవాఖానలల్ల ఉచితం. 2017 నుంచి హెచ్ఐవీ ఉన్నదని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 అనే టీ-కణాల లెక్క ఎంతున్నా, మందు మొదలుపెడ్తున్నరు. మందు సరిగ వాడి వైరస్ పరీక్షకు అందకుండ ఉంటే, కాపురంల ఇంకొకరికి సోకదు కూడ. సోకదు అన్న మాట మీద గీత గీసుకోండ్రి: మందు రోజూ వాడి, వైరస్ లెక్కకు అందకుండ ఉంచుకున్నోళ్ల నుంచి సంసారం ద్వారా సోకదని తేలిపోయింది. ఉద్యోగంల, బడిల, దవాఖానల వివక్ష చూపొద్దని 2017 హెచ్ఐవీ చట్టం చెప్తున్నది, అది 2018 సెప్టెంబర్ నుంచి అమలుల ఉన్నది. ఏదన్న అడగాల్నంటే 1097కు పైసలు లేకుండ ఫోన్ చేయొచ్చు.

‘మరి నేను కూడ ఆ హెచ్ఎల్ఏ పరీక్ష చేయించుకోవాల్నా అక్కా?’ అంటవేమో. జరాల కోసమైతే అక్కర లేదు, ఆ పైసలతోటి ఇంటి చుట్టు నీళ్లు నిలవకుండ చూసుకో. ఆ పరీక్ష ముఖ్యంగ అక్కరకొచ్చేది కిడ్నీ మార్చేటప్పుడు, లుకేమియా, తలసేమియా పిల్లలకు మూలకణాలు ఎక్కించేటప్పుడు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి హెచ్ఎల్ఏ పూర్తిగ కలిసే అవకాశం నాలుగింట ఒకటే. ఇంట్ల దొరకకుంటే బయటోళ్లల్ల వెతకాలె, దానికి దాతల జాబితాలున్నయి. 2009ల మొదలైన దాత్రి వాటిల ఒకటి. మన పిల్లలకు మన దిక్కు దాతలే ఎక్కువగ కలుస్తరు, కానీ మన దిక్కు నుంచి పేర్లు రాయించుకున్నోళ్లు తక్కువ. రాయించుకునేందుకు సూది కూడ అక్కర లేదు, బుగ్గ లోపల దూది పుల్ల రాసి ఇస్తే చాలు. మీ మహిళా సంఘం మీటింగ్‌ల ఈ ముచ్చట ఎత్తుండ్రి.